తవిటమ్మ తాళ్ళు

అనగనగా కొండ కింద ఒక ఊళ్ళో తవిటమ్మ అని ఒకావిడ ఉండేది. మొగుడు లేడు. ఒక్కతే కూతురు, ముత్యాలు. అడ్డాకులు కోసుకొచ్చి, విస్తళ్ళు కుట్టి బతికేది.

ఆ ఊళ్ళో ఓ వింత ఆచారం ఉండేదే చిన్నీ. పెళ్ళికి ఎన్ని విస్తళ్ళు కుడితే అంతమందినే పిలవాలి. అందరూ ఒక్కసారే కూర్చోవాలి. బంతులన్నీ, అంటే భోజనాల వరసలన్నీ, సమానంగా ఉండాలి. ఒక్కరు మిగిలినా పెళ్ళి ఆగిపోయినట్టే! విన్నావా ఘోరం!

ముత్యాలుకి పెళ్ళి కుదిరింది. అప్పుడు తవిటమ్మ రోజుకో కట్ట విస్తళ్ళు కుట్టింది. కట్టలన్నీ ఒకే లెక్క, ఒక్కో కట్టకీ ఒక తాడు. చివరికి ఎన్నయ్యాయో తెలుసా? పదివేల ఒకటి! అందులో ఒకటి తనకోసం.

పెళ్ళిరోజు వడ్డించేవాళ్ళు కట్టలన్నీ విప్పేసి ఒకే కుప్ప పోశారు. తాళ్ళు పారేస్తే తవిటమ్మ ఏరి నడుముకి చుట్టుకుంది.

ఊరిపెద్ద నాయుడు వంద బంతులు వేయించాడు. బంతికి వందమంది. ఒక్కరు మిగిలారు. ఎవరు? అందర్నీ కూర్చోబెట్టి ఆఖర్న వచ్చిన తవిటమ్మే!

అప్పుడు వంటాయన యాభై బంతులన్నాడు. పదివేలమందీ లేచి మళ్ళీ కూర్చున్నారు. నవ్వకే! మళ్ళీ తవిటమ్మే మిగిలింది.

ఆ తర్వాత బడిపంతులు ఏడు బంతులు వేయించాడు. అమ్మో, ఈసారి ఐదుగురు మిగిలారు! పంతులు పలక మీద లెక్కలు వేసి వేసి విసిగిపోయాడు. "ఇది మొండి అంకె. దేనికీ లొంగదు" అనేశాడు.

అప్పుడు నాయుడు ఏమన్నాడో చెబితే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది. "తవిటమ్మా, నువ్వు పశువుల సాలలోకి పోయి కూకో. నువ్వు లేకపోతే వంద బంతులూ సరిపోతాయి."

కన్నతల్లిని! కూతురి పెళ్ళిలో!

ముత్యాలు పీటల మీంచి లేచిపోయింది. "మాయమ్మ లేని బంతిలో నేనూ కూకోను" అంది. జనం నోళ్ళు తెరిచారు.

తవిటమ్మ నడుముకున్న తాళ్ళు విప్పి ఒక్కొక్కటే నేల మీద పెట్టింది. డెబ్భై మూడు. "నాకు లెక్కలు రావు నాయుడుబాబూ. తాడుకో బంతి ఎయ్యండి. నా కట్ట ఎప్పుడూ తప్పదు" అంది.

వేశారు. బంతికి నూట ముప్పై ఏడుగురు. ఆఖరి బంతిలో ఆఖరి విస్తరి దగ్గర తవిటమ్మ కూర్చుంది. వడ్డించేవాళ్ళు తప్ప నిలబడ్డ మనిషి లేడు! పంతులు చేతిలో పలక కిందపడిపోయింది. నాయుడు తలెత్తితే ఒట్టు.

ముత్యాలు వచ్చి మొదటి ముద్ద అమ్మ నోట్లో పెట్టింది. అప్పట్నించీ ఆ ఊళ్ళో విస్తళ్ళు కుట్టినావిడని అడగందే ఎవరూ కట్ట విప్పరు.

కట్టకు నూట ముప్పై ఏడు,
కట్టలు మొత్తం డెబ్భై మూడు,
మిగిలినవారే లేరు చూడు!
కథేమో కంచికి, నువ్వేమో మంచానికి!