తడిక అవతల

కూర్మదాసుగారు ప్రశ్నకు వెంటనే జవాబు చెప్పే మనిషి కాదు. అడిగినవాడి ముఖం కాసేపు చూసేవారు. తరవాత, అడిగినదానితో ఏమీ సంబంధం లేనట్టు, తాను ఎరిగిన ఎవరి సంగతో ఎత్తుకునేవారు. వంశధార ఒడ్డున ఆయన పాకలో ఏళ్ళ తరబడి కూర్చున్న మాకు అది అలవాటే. కొత్తవాళ్ళకు మాత్రం ఆయన మాట దాటేస్తున్నారనిపించేది.

జగన్నాథం కొత్తవాడేమీ కాదు. అయినా ఆ సాయంత్రం అతడు అడిగిన తీరు కొత్తగా ఉంది. జవాబు కోసం కాక, మెప్పు కోసం అడిగినట్టుంది.

"స్వామీ, మా అన్నయ్యకీ నాకూ మాటల్లేవు. నేను ఆయన్ని తిట్టను, శపించను, కీడు కోరను. అసలు అలాంటి మనిషి ఒకడు లేడనుకుని బతుకుతున్నాను. మనసు నిమ్మళంగానే ఉంది. ఇది శాంతే కదండీ?"

గురువుగారు అతడి ముఖం కాసేపు చూశారు. "నేను కొల్లేటి పక్క ఊళ్ళలో తిరిగేవాణ్ణి కొంతకాలం" అంటూ మొదలుపెట్టారు. ఆయన చెప్పింది నాకు గుర్తున్నంత మేరకు రాస్తున్నాను.

ఆ ఊళ్ళలో ఒకదానిలో రామభద్రరాజు, సోమరాజు అని ఇద్దరు పక్కపక్క ఇళ్ళవాళ్ళు ఉండేవారు. చుట్టాలు కారు. కానీ చిన్ననాటి నుంచీ ఒకరినొకరు అన్నయ్యా, తమ్ముడూ అనే పిలుచుకునేవారు. ఇద్దరి మేడలకీ పై అంతస్తులో చెక్క వసారాలు ఉండేవి. ఆ రెంటి మధ్య దూరం చెయ్యి చాపితే అందేంతే. పొద్దువాలాక చేపల చెరువుల నుంచి వచ్చి, స్నానాలు చేసి, వీళ్ళు ఇటూ వాళ్ళు అటూ కూర్చుంటే ఒకే ఇల్లులా ఉండేది. ఇటు కాచిన కాఫీ అటు వెళ్ళేది. అటు వేయించిన చేపముక్కలు ఇటు వచ్చేవి. రామభద్రరాజు కూతురు అలివేలు సోమరాజును పెదనాన్నా అని పిలిచేది. ఆయన ఒళ్ళో కూర్చునే పలక మీద అక్షరాలు దిద్దింది.

రామభద్రరాజుకి ఆ తరవాత ఒక కొడుకు పుట్టి పురిటిలోనే పోయాడు. ఇక పిల్లలు పుట్టరని డాక్టరమ్మ చెప్పింది. ఆయన ఆ దుఃఖాన్ని ఎవరి ముందూ విప్పలేదు. భార్య జానకమ్మ ఏడిస్తే లేచి చెరువు గట్టుకు వెళ్ళిపోయేవాడు.

కొంతకాలానికి ఒక పెళ్ళిలో, భోజనాల బంతిలో, పాత వేటల కబుర్లు వచ్చాయి. వాళ్ళ ఇళ్ళల్లో కొడుకు ఈడు రాగానే చేతికి తుపాకీ ఇవ్వడం తాతలనాటి ఆనవాయితీ. రామభద్రరాజు ఇంట్లో గోడకి వేలాడే పాత వేట తుపాకీ మాట ఎవరో ఎత్తారు. సోమరాజు నవ్వుతూ, "పట్టేవాడేడీ? మా తమ్ముడింట్లో తుపాకీ చిలక్కొయ్యకే గానీ భుజానికి ఎక్కదు" అన్నాడు.

బాబు పోయిన సంగతి ఆయనకు తెలియక కాదు. నవ్వుల్లో నోరు జారింది. అన్న మరుక్షణం ఆయన ముఖమే పాలిపోయిందట. అప్పటికే బంతి అంతా నవ్వేసింది. రామభద్రరాజు విస్తరి ముందు నుంచి లేచి వెళ్ళిపోయాడు.

మర్నాడు సోమరాజు వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. "ఆయన లేరండీ" అంది జానకమ్మ తలవంచుకుని. లోపల రామభద్రరాజు దగ్గు వినబడుతూనే ఉంది. ఇంకోసారి వచ్చాడు. "పడుకున్నారండీ" అంది. ఆ తరవాత మేదరివాళ్ళు వచ్చారు. వెదురు దబ్బలతో నిలువెత్తు తడిక అల్లి, రామభద్రరాజు వసారా కమ్మీకి కొబ్బరితాళ్ళతో బిగించి కట్టారు. సోమరాజు తన వసారాలో కుర్చీ వేసుకుని, తన ముఖానికి ఎదురుగా ఆ తడిక లేవడం చూస్తూ కూర్చున్నాడు.

తడిక కట్టించాక రామభద్రరాజు కూతుర్ని తీసుకుని ఏలూరు వెళ్ళాడు.

"అబ్బాయికాండీ?" అన్నాడు తుపాకుల కొట్టాయన.

"మా అమ్మాయికి" అన్నాడు రామభద్రరాజు, బజారంతా వినబడేట్టు.

ఆ ఎంపిక ఆషామాషీగా చెయ్యలేదాయన. ఒక్కొక్క ఎయిర్‌గన్నూ అలివేలు భుజానికి ఆనించి, మెడ వంగుతోందా, చెయ్యి వణుకుతోందా అని చూశాడు. ఒకటి పొడుగైంది. ఇంకోటి ముందువైపు బరువై వాలిపోయింది. "పిల్ల పెరుగుతుంది కదండీ, కాస్త పెద్దదే తీసుకోండి" అన్నాడు కొట్టాయన. "పరికిణీ కాదండీ, ఎదిగాక సరిపోతుందనుకోడానికి. ఇవాళ దాని చేతిలో నిలవాలి" అన్నాడీయన. చివరికి చిన్న పిడి ఉన్నది, అన్నిటిలోకీ తేలికైనది దొరికింది. అలివేలు బస్సులో దాన్ని ఒళ్ళో పెట్టుకుని, గుడ్డ చుట్టిన గొట్టాన్ని ఊరు వచ్చేదాకా నిమురుతూనే ఉందట.

నేర్పడంలోనూ ఆయన తొందరపడలేదు. చాలా రోజులు గుండు లేకుండానే పట్టించాడు. ప్రాణమున్నదాని వైపు గొట్టం తిప్పకూడదన్నాడు. గురి వెనక ఏముందో, ఎవరున్నారో తెలియకుండా మీట నొక్కకూడదన్నాడు. పొద్దున్నా సాయంత్రమూ పిల్ల చేత ఆ మాటలు అప్పజెప్పించేవాడు. పెరట్లో ఇసక బస్తాలు పేర్చి, వాటి ముందు డబ్బా నిలబెట్టి కొట్టించేవాడు. డబ్బా ఖంగుమన్నప్పుడల్లా, "భళీ!" అని అవసరానికి మించి గట్టిగా అనేవాడు. ఆ కేక ఎవరికోసమో జానకమ్మకి తెలుసు.

తడికకి అవతల సోమరాజు కూడా ఆ చప్పుడు వినేవాడు. "పిల్లకి గురి కుదిరిందే" అనేవాడు భార్యతో, తనే నేర్పినంత సంబరంగా. అంతలోనే గొంతు తగ్గించుకునేవాడు.

కార్తీకంలో వాయుగుండం పట్టింది. గాలి తగ్గి తెరిపి ఇచ్చేసరికి పెరడంతా బురద. తడిక ఒక మూల కట్లు తెగి, గాలికి కొట్టుకుంటోంది. ఆ సాయంత్రం రామభద్రరాజు వసారాలో కూర్చుని, చెమ్మ పట్టిందని ఎయిర్‌గన్ను తుడుస్తున్నాడు. ఇంతలో చెరువు గట్టు తెగేట్టుందని కింద నుంచి పాలేరు కేకేశాడు. "ఇప్పుడే వస్తానమ్మా" అని దాన్ని కూతురి చేతిలో పెట్టి దిగాడు. ఆయన భయపడలేదు. పిల్ల ఒక్కనాడైనా చెప్పిన మాట తప్పింది కాదు.

ఆ రోజూ తప్పలేదు. అలివేలు మెట్లవైపు చూసింది. లోపలికి తొంగిచూసి, "అమ్మా, ఇటు రాకు" అని చెప్పింది. డబ్బాని తడికకి తగిలించి, వెనక్కి వచ్చి, గుండు పెట్టుకుని, నేర్పినట్టే ఊపిరి బిగపట్టి, మీట నొక్కింది.

అదే సమయంలో సోమరాజు అటువైపు నుంచి చెయ్యి చాపి, ఊడిన మూలని కొత్త కొబ్బరితాడుతో కడుతున్నాడు. "వాళ్ళ తడికతో మనకేం పనండీ?" అని భార్య అడిగితే, "పడిపోతే వాడికి మళ్ళీ శ్రమ కదే. వాడికది కావాలి" అన్నాడట. ముడి బిగించడానికి వంగి, తడికకి ముఖం ఆనించాడు.

కేక విని రామభద్రరాజు మెట్లెక్కి పరుగెత్తుకొచ్చాడు. తడిక సందుల్లోంచి ఆయనకి మొదట కనబడింది రక్తం. తరవాత, తాడు చుట్టుకున్న చెయ్యి. వెనక్కి తిరిగి కూతుర్ని రెక్క పట్టుకు కుదిపేశాడు.

"గురి వెనక ఎవరున్నారో చూసుకోమని ఎన్నిసార్లు చెప్పానే నీకు!"

అలివేలు ఏడవలేదు. ఏం జరిగిందో దానికి ఇంకా తెలియలేదు. "అటు మనకెవరూ లేరని నువ్వే చెప్పావుగా నాన్నా!" అంది.

ఆ మాట తను ఎప్పుడన్నాడో రామభద్రరాజుకి గుర్తు రాలేదు. జానకమ్మకి గుర్తుంది. తడిక కట్టిన రోజు, పెదనాన్న ఇంక కనబడడా అని పిల్ల అడిగితే, తలెత్తకుండా అన్నాడు.

ఆయన ఆ తడికని కాలితో తన్ని విరిచేసి అటు దూకాడు. సోమరాజుని ఒళ్ళో వేసుకుని కారులో ఏలూరు తీసుకెళ్ళాడు. అక్కణ్ణుంచి బెజవాడ తీసుకెళ్ళారు. ప్రాణం దక్కింది. కుడికన్ను దక్కలేదు.

తెలివి వచ్చాక సోమరాజు అన్న మొదటి మాట, "వెదురు పుల్ల గుచ్చుకుందని చెప్పండి. పిల్ల పేరు ఎత్తకండి." ఊరివాళ్ళు ఈ రోజుకీ అదే నమ్ముతున్నారు. రామభద్రరాజు ఆయన కాళ్ళ దగ్గర కూర్చుని ఏదో చెప్పబోయాడు. "ముందు నన్ను చెప్పనియ్యి తమ్ముడూ" అన్నాడు సోమరాజు. "రెండుసార్లు మీ గుమ్మం దాకా వచ్చి చెప్పలేకపోయాను. ఆ బాబు పోయాక వాణ్ణి నేను కూడా ఎత్తుకున్నానురా. అయినా అలా అనేశాను." ఇద్దరూ ఆసుపత్రిలో పదిమంది చూస్తుండగా ఏడ్చారు. ఇంటికి వచ్చాక మళ్ళీ కాఫీలు అటూ ఇటూ నడిచాయి. సోమరాజు పోయినప్పుడు పాడె ముందుకొమ్ము పట్టింది రామభద్రరాజే.

పెద్దవాళ్ళు అలా కలిశారు. అలివేలు మాత్రం మళ్ళీ పెదనాన్న ఒళ్ళోకి వెళ్ళలేదు. ఆయన పిలిస్తే వచ్చి, ఎడమవైపే నిలబడి, ముఖం చూడకుండా జవాబు చెప్పేది. ఆయనే ఒకసారి దాని చెయ్యి తీసి తన మూసుకుపోయిన కంటి మీద పెట్టుకుని, "నొప్పి లేదమ్మా, చూడు" అన్నాడు. అది చెయ్యి లాక్కుని పారిపోయింది.

"దాని పెళ్ళయ్యాక భీమవరంలో వాళ్ళింట్లో ఒకపూట భోంచేశాను" అన్నారు గురువుగారు. "ఇద్దరు బిడ్డల తల్లి. చక్కగా నవ్వుతుంది, చక్కగా వడ్డిస్తుంది. కానీ వంటింట్లోంచి వచ్చేటప్పుడు మూసిన తలుపు దగ్గర ఆగిపోయేది. తొయ్యడానికి ముందు, 'అటు ఎవరన్నా ఉన్నారా?' అని అడిగేది. జవాబు వస్తేగానీ తోసేది కాదు. ఇంట్లోవాళ్ళకి అలవాటైపోయింది. పిల్లలు ఆడుకుంటూనే, 'ఉన్నామమ్మా' అనేవారు."

కింద ఏటిలో పడవవాడు గెడ వేస్తున్న చప్పుడు వినబడుతోంది. జగన్నాథం కాస్త ముందుకు జరిగాడు. అతడి గొంతు అడగడానికి వచ్చినప్పటి గొంతులా లేదు.

"రామభద్రరాజుగారి ఉద్దేశం అది కాదు కదండీ, స్వామీ?"

"కాదు నాయనా" అన్నారు కూర్మదాసుగారు. "ఉద్దేశం ఆయన దగ్గరే ఉండిపోయింది. మాట ఒక్కటే పిల్ల దాకా వెళ్ళింది."