తాబేలు పెట్టుకున్న ఆరు తెరలు

ఒక తాబేలు రొయ్యల ట్రేడింగులోకి దిగాలనుకుంది.

చేప చూపుతో, పిట్ట పొదుగుడుతో, తాబేలు తలపుతో పిల్లల్ని పెంచుతాయని పెద్దల మాట. ఈ తాబేలు కూడా సముద్రపొడ్డున ఇసుకలో వందకు పైగా గుడ్లు పెట్టి, పూడ్చి, దూరాన, ఏరు సముద్రంలో కలిసే మొగలో ఉన్న తన బండ దగ్గరికి తిరిగొచ్చేసింది. గుడ్లు పెట్టిన ఒడ్డుకు తల్లి మళ్ళీ పోకూడదు, తలపే పోవాలి. ఇక రెండు నెలలు దానికి ఒకటే పని, కళ్ళు మూసుకుని పిల్లల్ని తలుచుకోవడం. తలపు చల్లబడితే గుడ్డు చల్లబడుతుంది.

అయితే ఊరికే తలుచుకుని ఊరుకునే తల్లి కాదది. వందమంది పిల్లలు పైకి వచ్చేసరికి ఏదో ఒక ఆధారం చూపించాలని దాని బెంగ. రొయ్యల ధర పూటకో తీరుగా ఉంటుంది. తగ్గినప్పుడు కొని, పెరిగినప్పుడు అమ్మితే చాలట. ఎక్కడికీ వెళ్ళక్కర్లేదు, కూర్చున్నచోటే పని. చేతులు బేరాల మీద, మనసు పిల్లల మీద పెట్టుకోవచ్చు అనుకుని తాబేలు కంప్యూటర్ల కొట్టుకు బయల్దేరింది. నడిచే దారి కావడంతో మూడోనాటికి చేరింది.

కొట్టు తూనీగది. తాబేలు తను వచ్చిన పని చెప్పింది.

"కొత్తగా మొదలుపెడుతున్నారా అమ్మగారూ? ఎన్ని తెరలు ఇమ్మంటారు?"

"ఒకటి చాలదా నాయనా?"

తూనీగ జాలిగా చూసింది. "నాకున్నవి వేల కళ్ళు. అయినా నాకే ఆరు తెరలు పెట్టుకోవాల్సొచ్చింది. మీకు చూస్తే రెండే కళ్ళాయె. మీ ఇష్టం మరి."

తనకు కళ్ళు తక్కువని తాబేలుకు అంతవరకూ తెలియదు.

"వేడెక్కుతుందా?" అని అడిగింది.

"లోపల ఫ్యాన్లున్నాయి."

"చప్పుడు చేస్తాయా? నేను పిల్లల్ని తలుచుకోవాలి."

"దోమంత చప్పుడు. అది వింటే నాకు ఆకలేస్తుంది గానీ, మీకా ఇబ్బంది లేదు."

"కరెంటు పోతే?"

"యూపీఎస్ ఇస్తాను. అరగంట నిలబెడుతుంది."

"అరగంట తర్వాత?"

"ఈలోగా కరెంటొస్తుంది."

"రాకపోతే?"

"ఇంకో యూపీఎస్ ఇస్తాను."

గుమ్మంలో ఒక పీత ఫోను చార్జింగు పెట్టుకుంటోంది. పదేళ్ళుగా రొయ్యల బేరాలు చేస్తూ, గీతలు పడ్డ ఆ ఒక్క ఫోనుతోనే నెట్టుకొస్తోంది. "వదినా, నువ్వింకా ఒక్క రొయ్య కూడా కొనలేదు," అంది. "ఒక్క తెరతో మొదలుపెట్టు. చాలకపోతే ఇంకోటి అప్పుడు చూసుకోవచ్చు. కొట్టు ఎక్కడికీ ఎగిరిపోదు, ఎగిరేది కొట్టువాడే."

"ఆయన మాట పట్టించుకోకండి," అంది తూనీగ. "లోకాన్నంతా పక్కనుంచే చూస్తాడు."

"పక్కగానే నడుస్తాను. ఇంటికే చేరతాను," అంది పీత.

పీత మాట తాబేలుకు నచ్చింది. కానీ జాగ్రత్తగల తల్లికి తేలిక మాట మీద గురి కుదరదు. నేను కొనని తెరలోనే పిల్లలకు పనికొచ్చే సంగతి కనబడితే? అలా ఆరుసార్లు అనుకుంది. ఆరు తెరలు కొంది.

మొదటి రోజు గంటకోసారి కళ్ళు మూసి పిల్లల్ని తలుచుకుంది. రెండో రోజు అలా మూసినప్పుడే మూడో తెరలో ధర కదిలిపోయింది. మర్నాటి నుంచి ఒక కన్నే మూసింది. వారం తిరిగేసరికి రెండు కళ్ళూ తెరిచే తలుచుకోవడం అలవాటైంది. "పిల్లలు ఇవాళ కాస్త పెరిగారు," అనుకునేది. "నిన్నటి మీద తగ్గారేమో," అని ఉలిక్కిపడేది.

బేరం మాత్రం ఒక్కటీ జరగలేదు. ఒక తెర కొనమంటే పక్క తెర ఆగమనేది. ధర దిగితే ఇంకా దిగుతుందని ఆగేది, ఎక్కితే మళ్ళీ దిగేదాకా ఆగేది. తొందరపడి ఒక్క రొయ్య కూడా కొనలేదు కదా అని తనను తానే మెచ్చుకునేది.

రెండు నెలలు నిండాయి. ఒక పొద్దున పీత అడ్డదిడ్డంగా పరుగెత్తుకొచ్చింది.

"వదినా, పిల్లలు బయటికొచ్చారు."

"నీళ్ళలోకి దిగారా?" అంది తాబేలు, నాలుగో తెర మీంచి చూపు తిప్పకుండా.

"దిగలేదు. ఒడ్డున వరసగా నిలబడ్డారు. అల పైకొస్తే, ఇంకా ఎంతవరకు వస్తుందో చూద్దామంటున్నారు. వెనక్కి పోతే, ఇంకాస్త పోనీ, అప్పుడు దిగుదామంటున్నారు."

"పోన్లే, తొందరపడలేదు."

"వాళ్ళు పడలేదు. కాకులు పడుతున్నాయి. రెండొచ్చి మిగతావాటిని పిలుస్తున్నాయి."

తాబేలు చూపు తిప్పింది. పోకూడని ఒడ్డుకు బయల్దేరింది. నీళ్ళలో తాబేలు నడక వేరు. పీత దాని డిప్ప మీదెక్కి, జారిపోకుండా పట్టుకోవడమే ఒక పనైంది.

ఒడ్డెక్కి కాకులకూ పిల్లలకూ మధ్య నిలబడింది. పెద్దపిల్ల తలెత్తి చూసింది.

"అమ్మా, అల ఇంతకంటే కిందికి పోదా?"

తాబేలు అలను చూసింది. తెలుసుకోవాలని ఎంతో ప్రయత్నించింది.

"తెలీదు," అంది. బుద్ధెరిగాక ఆ మాట అనడం దానికి అదే మొదలు. అంటూనే ముక్కుతో పిల్లను నీళ్ళలోకి తోసింది.

"ఇంకొక్క అల చూసి దిగుతానమ్మా," అంది రెండోది. దాన్నీ తోసింది. ఇప్పుడు దిగితే నష్టమని ఏడ్చినదాన్ని ఏడుస్తుండగానే తోసింది. కాకి ముక్కులు డిప్ప మీద టకటకలాడుతూనే ఉన్నాయి. పీత ఒక కాకి కాలు పట్టుకుని వేలాడింది. వందో పిల్లనూ, ఆ పైవాళ్ళనూ తోసేసరికి తాబేలు ముక్కు దోక్కుపోయింది.

కాకులు తిట్టుకుంటూ ఎగిరిపోయాయి. ఒడ్డు ఖాళీ అయింది.

"నువ్వూ దిగు వదినా, ఎండ ముదురుతోంది," అంది పీత.

తాబేలు తడి ఇసుక మీద నిలబడి సముద్రంకేసి చూస్తోంది. పిల్లలెవరూ కనబడడం లేదు. ఒక అల దాని ముక్కు దాకా వచ్చి, వెనక్కి పోయింది.

"ఉండు మరిదీ," అంది తాబేలు, "ఇంకొకటి చూసి."