పగలంతా వణికే సూది

ఒకప్పుడు దిక్సూచిలో సూది కదిలేది కాదు. పగలైనా రాత్రయినా ఉత్తరం వైపు చూస్తూ మొండిగా కూర్చునేది. సరంగు గరటయ్య దాన్ని పడవలో ముందు పెట్టుకుని, "నీ అంత నమ్మకస్తురాలు ఎక్కడా లేదే" అని మురిసిపోయేవాడు.

ఇప్పుడలా లేదు. ఎందుకు లేదో చెబుతాను. కానీ "చివరికి అంతా బాగైపోయిందా" అని మధ్యలో అడక్కండి. బాగవలేదు. ముందే చెప్పేస్తున్నా.

మేఘాలకు పైన, గద్దలు కూడా ఎగరలేనంత ఎత్తున ఒక వాడ ఉండేది. అక్కడుండేవాళ్లు గాలి రేణువులు, పిసరంత పిసరంత మనుషులు. ఒక్కో అమ్మ దగ్గరా ఒక బుజ్జిది. ఆ బుజ్జివాళ్లు ఒక్కచోట నిలుస్తారా? మీలాంటి వాళ్లే! అందుకే అమ్మలు వాళ్లను కొంగుకు ముడేసుకుని తిరిగేవాళ్లు. వాడకు పెద్ద ఈరమ్మ. ఆమె కూతురు మినుకు.

ఆ వాడ మీదుగా భూదేవి పడుగు సాగి ఉండేది. పడుగంటే తెలుసుగా, బట్ట నేసేముందు బారుగా లాగి కట్టే పోగులు. భూదేవి పోగులు కంటికి కనబడవు. దక్షిణాన నేలలోంచి లేచి, వాడ మీదుగా పోయి, ఉత్తరాన మళ్లీ నేలలోకి దిగుతాయి. దిక్సూచిలో సూది చూసేది ఆ పోగుల వెంటే.

వాడలో ఉన్నది ఒకటే కట్టుబాటు. సాగిన పడుగును ఎవరూ అడ్డంగా దాటకూడదు. గాలిమామ ఎంత పొగరుబోతో మీకు తెలుసు. ఆయన కూడా పడుగు దగ్గరికొస్తే పోగు వెంటే తిన్నగా నడిచి వెళ్లేవాడు.

ఒకరోజు భూదేవి కిందనుంచి పిలిచింది.

"ఈరమ్మా, సూర్యుడి కిరణాల్లో కొన్ని కత్తుల్లాంటివి ఉన్నాయి. అవి నా మీద పడి, మొలకెత్తిందల్లా మాడిపోతోంది. పొద్దున పుట్టిన జింకపిల్ల సాయంత్రానికి ఉండట్లేదు. మీరు కాస్త అడ్డం నిలబడతారా?"

ఈరమ్మ ఆలోచించలేదు. "పసివాళ్లు పోతుంటే చూస్తూ కూర్చుంటామా తల్లీ? నిలబడతాం" అంది.

మర్నాడు పొద్దున అమ్మలంతా వరసగా నిలబడ్డారు. మొదటి కత్తి వచ్చి సూటిగా కొంగుముడి మీద పడింది. ముడి పుటుక్కున తెగింది. తర్వాత ఇంకోటి, ఇంకోటి. పిల్లలంతా విడిపోయారు.

"అమ్మా!" అని మినుకు కేక పెట్టింది.

"భయపడకండర్రా! పడుగు పోగులు పట్టుకోండి! ఎవరు పిలిచినా వదలకండి!" అని ఈరమ్మ అరిచింది. పడుగును ఎవరూ దాటరు కదా. అంతకంటే భద్రమైన చోటు ఇంకెక్కడుంటుంది అనుకుంది పిచ్చితల్లి.

కానీ ఆ కత్తులు గాలిమామకూ తగిలాయి. ఒళ్లంతా కాలిపోయి, "అబ్బా, చచ్చాన్రోయ్!" అంటూ పడుగుకు అడ్డంపడి పరుగు తీశాడు.

"మామా, ఆగు! పడుగు దాటకు!" అంది ఈరమ్మ.

"ఒళ్లు కాలిపోతుంటే కట్టుబాటేంటే నీ మొహం!" అన్నాడు. ఆగలేదు.

అమ్మలు బరువైనవాళ్లు. ఆ తోపులాటలో గాలిమామతోపాటే పోగుల మీంచి అవతలికి కొట్టుకుపోయారు. పిల్లలు మాత్రం పోగులు పట్టుకుని అక్కడే వేలాడారు. పాపం, అమ్మ చెప్పిన మాట విన్నారు. అదే కొంప ముంచింది.

ఇంక చూడండి. అమ్మలు పిల్లల కోసం, పిల్లలు పోగులు వదలకుండానే వాటి వెంట అమ్మల కోసం, ఆకాశం ఈ కొస నుంచి ఆ కొసకు ఒకటే పరుగు. ఆ వెతుకులాటే అక్కడొక ఏరై పారింది. మీ బళ్లో దాన్ని కరెంటు అంటారు.

కింద పడవలో సూది గజగజ వణికింది.

"ఏమైందే నీకు?" అన్నాడు గరటయ్య కంగారుగా.

"పోగులు అదురుతున్నాయయ్యా. పైన ఎవరో బిడ్డల కోసం ఏడుస్తున్నారు" అంది సూది.

సముద్రానికీ ఆ అదురు తగిలింది. "అటు కాదర్రా! వెనక్కి రండి, వెనక్కి!" అంటూ తన లోపల తానే ఎదురు పరుగు తీసింది. ఏం లాభం? అది కింద, వాళ్లు పైన. ఆ ఎదురు పరుగు ఎవరినీ ఆపలేకపోయింది.

పొద్దు వాలింది. కత్తులు ఆగాయి. గాలిమామ ఒళ్లు చల్లబడి, తల దించుకుని వచ్చాడు. ఈరమ్మ పడుతూ లేస్తూ తన వాడకు చేరింది. మసకచీకట్లో ఒక బుజ్జిది వచ్చి ఆమె ఒళ్లో పడింది. ఈరమ్మ దాన్ని గట్టిగా హత్తుకుని, కొంగుకు ఒకటికి మూడు ముళ్లు వేసింది.

"భయపడ్డావా మినుకూ?"

"నేను మినుకును కాదు. తళుకును. నువ్వు మా అమ్మవు కాదా?"

ఈరమ్మ చుట్టూ చూసింది. వాడంతా అదే తంతు. చేతికందిన బిడ్డను చేతికందిన అమ్మ కట్టుకుంది. పేరు అడగడానికి ఎవరికీ ధైర్యం లేదు.

"అమ్మనే. పడుకో" అంది ఈరమ్మ. తన మినుకు ఎవరి కొంగున ఉందో? అసలు ఏ కొంగునైనా ఉందో లేదో?

"రేపు మావల్ల కాదు తల్లీ" అంది భూదేవితో.

"నిలబడమని ఏ మొహం పెట్టుకుని అడగను?" అంది భూదేవి.

కింద ఒక జింకపిల్ల తల్లి దగ్గర పాలు తాగుతోంది. పొద్దున పుట్టింది, సాయంత్రానికీ ఉంది. ఈరమ్మ దాన్ని చాలాసేపు చూసింది. చూడకపోయినా బాగుండేది.

తెల్లారింది. ఈరమ్మ లేచి అడ్డం నిలబడింది. మూడు ముళ్లూ తెగిపోయాయి. తళుకు కూడా పోయింది.

అప్పటినుంచే, పొద్దు పొడిచిందంటే చాలు, దిక్సూచిలో సూది, ఆ మొదటిరోజంత కాకపోయినా, కంటికి ఆననంత సన్నగా వణుకుతుంది, పక్కకు ఒరుగుతుంది. సముద్రం తన లోపల ఎదురు పరుగు తీస్తుంది. పొద్దు వాలాక సూది కుదుటపడుతుంది. ఆ వేళకు ప్రతి అమ్మ కొంగుకూ ఎవరో ఒకరి బిడ్డ ఉంటుంది కదా.

మినుకు మాత్రం ఈరమ్మకు ఈరోజుకీ దొరకలేదు.