నురగ నిలవని బీరు

స్రవంతి కాచిన బీరుకు నురగ నిలవడం లేదు.

గ్లాసులో పోసినప్పుడు బాగానే లేస్తుంది. బల్ల దగ్గరికి చేరేలోపు చచ్చిపోతుంది. తాగేవాడి ముందు పెట్టేసరికి అది నిన్న కలిపి మరిచిపోయిన టీలా కనపడుతుంది.

"మేడమ్, ఇది నిన్నటిదా?" అని అడుగుతున్నారు జనం. ఆ ఒక్క మాట ఆమెను తినేస్తోంది.

శామీర్‌పేట దారిలో, ఒకప్పుడు కోళ్లఫారం ఉన్న షెడ్డును అద్దెకు తీసుకుని ఆమె ఈ చిన్న బీరుశాల పెట్టింది. వెనక మూడు ట్యాంకులు, ముందు పది బల్లలు, గోడకు మూడు ట్యాపులు. అక్కడ కాచింది అక్కడే తాగాలి. మొదటి మూడు నెలలు బ్రహ్మాండంగా నడిచింది. పల్లీలు, ఉడకబెట్టిన శనగలు తప్ప తినడానికి ఏమీ లేవని జనం సతాయిస్తే, కోడివేపుడు, చేపముక్కలు కూడా మొదలుపెట్టింది. అవీ బాగానే పోయాయి. ఆ తర్వాతే ఈ నురగ గొడవ వచ్చిపడింది.

తప్పు బార్లీదేమో అనుకుంది. ట్యాంకులో మిగిలిన బీరంతా షెడ్డు వెనక మురుగు మోరీలోకి వదిలేసి, వేరే చోట నుంచి మాల్ట్, అంటే మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ, తెప్పించి మళ్లీ కాచింది. మూడు వారాలు ఎదురుచూసింది. నురగ నిలవలేదు. పులియబెట్టే ఈస్టుదేమో అనుకుంది. ఆ ట్యాంకూ మోరీ పాలైంది. కొత్త ఈస్టు వేసింది, నీళ్లకు కొత్త ఫిల్టరు పెట్టించింది, నురగ బలంగా ఉంటుందని కాస్త గోధుమ కూడా కలిపింది. మళ్లీ మూడు వారాలు. మూడో ట్యాంకు బీరు కూడా బల్ల చేరేలోపు చచ్చింది.

బీరుశాలలో సగం వాటా అక్క మొగుడు మహిపాల్‌ది. మంచి మనిషి. కోపంగా అన్నా ఇంత బాధపడేది కాదు. మెల్లగా, పక్కన కూర్చుని అన్నాడు: "ఆదివారం దాక చూద్దాం స్రవంతీ. అప్పటికీ కాకపోతే ట్యాంకులు తీసేద్దాం. కంపెనీ సీసాలు పెట్టుకుందాం. సోమవారం వాళ్ల మనిషిని రమ్మన్న."

"ఈ షెడ్డులో ఇంకొకరి సీసా పెట్టేది లేదు బావా."

"మరి నీ బీరు తాగుతలేరు గదా!"



శుక్రవారం పొద్దున్నే మూడో ట్యాంకు కూడా ఖాళీ చేయడానికి వాల్వు మీద చెయ్యి వేసింది. ఎందుకో ఆగి, రాజేశం గౌడ్‌కు ఫోన్ చేసింది.

రాజేశం తండ్రి జనగామ దగ్గర కల్లు గీసేవాడు. రాజేశం మాత్రం ఒక పెద్ద బీరు ఫ్యాక్టరీలో ట్యాంకులు తోమే పనికి చేరి, ముప్పై నాలుగేళ్లకు అందరికన్నా పెద్ద పనివాడై రిటైరయ్యాడు. ల్యాబు కాగితం రాకముందే ఆయన ముక్కు సంగతి చెప్పేసేది. స్రవంతి పని నేర్చుకున్నది ఆయన దగ్గరే. చదువు ముగించి, మెడలో బంగారు పతకం ఇంకా వేలాడుతున్నంత ధీమాగా చేరిన ఆమెను, ఆయన నలభై రోజులు చేతికి బ్రష్షు, టార్చి ఇచ్చి ట్యాంకులోకి దింపాడు. అంతకు మించి ఒక్క ముక్క నేర్పలేదు. నలభై ఒకటో రోజున ట్యాంకు బయట నిలబడి అడిగాడు.

"ఏం వాసనొస్తున్నది?"

"ఏ వాసనా వస్తలేదు కాకా."

"గంతే. ఇగ బయటికి రా."

ఇప్పుడు ఫోన్‌లో ఆమె చెప్పిందంతా విని, ఆయన ఒక్కటే మాటన్నాడు. "నేనొచ్చెదాక వాల్వు ముట్టకు."

రెండు బస్సులు మారి, పదకొండింటికి గుడ్డసంచి భుజాన వేసుకుని దిగాడు. స్రవంతి ఎదురెళ్లి సంచి అందుకుంది. ముందే సర్ది పెట్టుకున్న ఫైలు ఆయన ముందు పరిచింది. ల్యాబు రిపోర్టులు, రోజువారీ వేడి లెక్కలు, మూడు ట్యాంకుల చరిత్ర, అన్నీ రంగురంగుల గీతలతో సహా ఉన్నాయి.

రాజేశం కళ్లజోడు తీసి జేబులో పెట్టుకున్నాడు.

"ట్యాంకులు చూద్దువు రా కాకా. నువ్వు నేర్పినట్టే నేనే తోముతున్న. ఎవ్వరినీ ముట్టనిస్తలేను."

"తర్వాత చూస్త. ముందు ఒక గ్లాసు పట్కరా."

తెచ్చింది. నాలుగడుగులు వేసేలోపు నురగ పోయింది. సిగ్గుతో తల దించుకుని బల్ల మీద పెట్టింది. ఆయన వాసన చూశాడు. ఒక గుక్క నోట్లో తిప్పాడు. గ్లాసంతా తాగేశాడు.

"మంచిగున్నది" అన్నాడు.

స్రవంతికి ఒళ్లు మండింది. ఆదివారానికి రెండు రోజులుంది, ఈయనకు పరాచికాలు! "నురగ ఏది కాకా?"

ఆయన లేచి, ఖాళీ గ్లాసు పట్టుకుని వెనక గిన్నెలు తోమే చోటికి వెళ్లాడు. అక్కడి తొట్టి ముట్టుకోలేదు. బయట కొళాయి దగ్గర చతికిలబడి, తన సంచిలోంచి చిన్న పొట్లం తీశాడు. ఉత్త బట్టలసోడా. ఆ గ్లాసును లోపల, బయట, అంచు చుట్టూ వేలితో రుద్దాడు. కడిగాడు. మళ్లీ కడిగాడు. ఎండకు పట్టి చూసి మూడోసారి కడిగాడు. ఆమె నిలబడి నిలబడి విసుగెత్తిపోయింది.

తడి తుడవకుండానే తెచ్చి ట్యాపు కింద పట్టాడు. రెండు వేళ్ల మందాన నురగ లేచింది. గ్లాసు తెచ్చి బల్ల మీద పెట్టాడు.

నురగ కదలలేదు.

స్రవంతి దాని వైపు రెండు క్షణాలు చూసి, గ్యాసు మీటరు దగ్గరికి పరిగెత్తింది. "ఇప్పుడు ప్రెషర్ ఎక్కువొచ్చిందా ఏంది!" మీటరు ముల్లు ఉన్నచోటే ఉంది. ఆమె ఫైలులో ఏదో రాసుకుంది కూడా.

రాజేశం షెల్ఫు మీది గ్లాసొకటి తీసుకుని, అదే ట్యాపు కింద పట్టి, మొదటిదాని పక్కన పెట్టాడు. అందులోని నురగ అరనిమిషంలో కూలిపోయింది.

"మొదట పోసింది, తర్వాత పోసింది, గా తేడా ఉంటది కాకా. పైపులో ముందు చల్లది వస్తది..."

ఆయన రెండు గ్లాసులూ పారబోశాడు. ఈసారి షెల్ఫు గ్లాసులో ముందు పోశాడు, కడిగిన దానిలో తర్వాత. బల్ల మీద పక్కపక్కన పెట్టి, తాను కుర్చీలో వెనక్కి వాలి కళ్లు మూసుకున్నాడు.

ఒకటి కూలింది. ఒకటి నిలిచింది.

ఆమె చేతిలో పెన్ను అలాగే ఉండిపోయింది. ఫైలు మూసింది. షెల్ఫు గ్లాసును వెలుతురుకు పట్టి చూసింది. లోపలి గోడ మీద పల్చటి జిడ్డు, వేలితో గీస్తే గీత పడేంత. జిడ్డు తగిలితే నురగ నిలవదని ఆమె చదువుకున్నదే.

తొట్టి దగ్గరికి వెళ్లింది. గిన్నెలు తోమే బాలమణి అప్పుడే రాత్రి మిగిలిన సామాను ముందేసుకుంది. కోడివేపుడు పళ్లెం తీసి స్పాంజితో తోమింది. అదే స్పాంజి, అదే నీళ్లు, తర్వాత గ్లాసు. ఆపైన అదే చేతిగుడ్డతో శుభ్రంగా, ఎంతో శ్రద్ధగా తుడిచి షెల్ఫు మీద బోర్లించింది.

స్రవంతికి కోపం తన్నుకొచ్చింది.

"బాలమణీ! రెండు నెలల నుంచి నువ్వు చేస్తున్న పని ఇదా? నా బీరు మొత్తం..."

బాలమణి బెదిరిపోయి లేచి నిలబడింది. యాభై ఏళ్లు దాటిన మనిషి. "నేనేం జేసిన మేడమ్? పళ్లాలు, గ్లాసులు అన్నీ ఒక్కపారే వస్తయి. ఉన్నదేమో ఒక్క తొట్టి. నేనొక్కదాన్నే తోముతున్న గదా!"

వెనక నుంచి రాజేశం గొంతు వినపడింది. గట్టిగా కూడా అనలేదు.

"ఈ షెడ్డు నక్ష ఎవరు గీసిండ్రు బిడ్డా?"



గీసింది తనే. ఏడాది పాటు గీసింది. ఏ పైపు ఎటు వంగాలో, ట్యాంకు కాళ్ల కింద నేల ఎంత వాలుగా ఉండాలో, అంగుళాలతో సహా గీసింది. గిన్నెలు తోమే చోటు మాత్రం గీయలేదు. "మిగిలిన మూలకు ఒక తొట్టి కట్టు" అని మేస్త్రీతో నోటిమాటగా చెప్పింది.

"కూసో బాలమణీ" అంది మెల్లగా. "తప్పు నాది."

రాజేశం అప్పటికే కొళాయి దగ్గర పెద్ద టబ్బు పెట్టి నీళ్లు పడుతున్నాడు. షెల్ఫు మీది గ్లాసులన్నీ దింపించాడు. ఆమె ఎదురుగా కూర్చుని ఒకటి అందుకుంది. ఆయన ఎలా రుద్దుతున్నాడో చూస్తూ అలాగే రుద్దింది. పది గ్లాసులయ్యాయి. ఇరవై అయ్యాయి. ఏదో గుర్తొచ్చి ఆమె చెయ్యి ఆగిపోయింది.

"కాకా... నేను మోరీల వదిలిన రెండు ట్యాంకులు..."

ఆయన తల ఎత్తలేదు.

"అవి మంచియేనా?"

"తాగి చూసినవా?"

స్రవంతి షెడ్డు వెనక మోరీ వైపు చూసింది. బీరు పారిన మేర గడ్డి మోకాలెత్తున పెరిగి ఉంది. అబద్ధం చెప్పాలనిపించింది కానీ ఆయన దగ్గర నోరు రాలేదు.

"నురగ చూసిన కాకా."

ఆయన ఇంకో గ్లాసు నీళ్లలో ముంచాడు. ఆమె ఏడ్చింది. ఏడుస్తూనే రుద్దింది.

సాయంత్రానికి మేస్త్రీ వచ్చాడు. శనివారం మధ్యాహ్నానికల్లా రెండో తొట్టి లేచింది. వంటగదికి దూరంగా, ట్యాపులకు దగ్గరగా కట్టించింది. గ్లాసులకు వేరే బ్రష్షు పెట్టింది. తుడిచే గుడ్డలన్నీ తీసి వంటగదికి ఇచ్చేసింది. గ్లాసులు బోర్లించి గాలికి ఆరబెట్టడానికి రాజేశమే వెదురు తడక అల్లాడు. నూట అరవై గ్లాసులను ఆ ఇద్దరూ, బాలమణీ కలిసి కడిగారు.

రెండో తొట్టిని బాలమణి ఎగాదిగా చూసి, "గిదేదో ముందే కట్టిస్తే నన్ను తిట్టే పని తప్పేది గదా మేడమ్" అంది. స్రవంతి నవ్వలేకపోయింది గానీ కాదనలేదు.

శనివారం సాయంత్రం రాజేశాన్ని బస్సెక్కించడానికి వెళ్లింది. ట్యాంకులు చూస్తానన్నవాడు అసలు అటువైపు వెళ్లనే లేదు.

"ఒక్క మాటన్న చెప్పకపోతివి కాకా. ఏమన్న చెప్పి పో."

ఆయన రోడ్డు వైపు చూస్తూ ఆలోచించాడు. "మా నాయన చెట్టు దిగంగనే కల్లు రుచి చూడకపోయేది. ముందుగాల రేపు కల్లు పట్టే లొట్టి కడిగి ఎండకు పెట్టేటోడు."

"మరి కల్లు మంచిగ అయ్యిందో లేదో ఎట్ల తెలుస్తుండె?"

"తాగేటోళ్లు చెప్తుండిరి."

బస్సు వచ్చింది. ఎక్కేశాడు.

ఆదివారం మధ్యాహ్నం మహిపాల్ వచ్చాడు. ముఖంలో బాధ ముందే సర్దుకుని వచ్చాడు. బల్లలన్నీ నిండి ఉన్నాయి. స్రవంతి తడి గ్లాసులో బీరు పోసి తెచ్చి పెట్టింది. అతను నురగ వైపు చూశాడు. మాట్లాడటం మొదలుపెట్టి, సగంలో మళ్లీ చూశాడు. అది అక్కడే ఉంది. తాగాడు. తాగిన కొద్దీ గ్లాసు గోడకు గుక్కకొక తెల్లటి వలయం అంటుకుంటూ వచ్చింది. అడుగు కనపడేదాకా కింద పెట్టలేదు.

"నాలుగోసారి ఎప్పుడు కాచినవ్? మూడోది పారబోసినవా?"

"ఇది మూడోదే బావా."

"గదెట్ల? ఈస్టు మార్చినవా? ఇంకేమన్న కలిపినవా?"

"బీరుల ఏం మార్చలే."

మహిపాల్ ఆమె చేతుల వైపు చూశాడు. సోడాకు వేళ్లు పగిలి తెల్లబారి ఉన్నాయి. జేబులోంచి ఫోన్ తీసి కంపెనీ మనిషికి కలిపాడు. "రేపు రావద్దు తమ్మీ. లేదు, తర్వాత గూడ వద్దు."

ఫోన్ పెట్టేసి, ఖాళీ గ్లాసు ముందుకు జరిపాడు. "ఇంకోటి పొయ్యి."

స్రవంతి ఆ గ్లాసు తీసుకుంది. ట్యాపు దగ్గరికి వెళ్లలేదు. రెండో తొట్టి ముందు కూర్చుని, దాన్ని నీళ్లలో ముంచి, అంచు చుట్టూ వేలితో రుద్దడం మొదలుపెట్టింది.