ఇద్దరూ హుక్కులే కుట్టుకున్న నాడీకణాలు

పిల్లలూ, ఈ కథ మీరు విని ఉండరు. మన ఊరికి ఇంత దూరాన మీకు దీన్ని చెప్పేవాళ్ళెవరూ లేరు, కనుక నేనే చెబుతాను. కణాలు నిజంగా మాట్లాడవు, కథలో మాత్రమే మాట్లాడతాయి. అది గుర్తుపెట్టుకుని వినండి.

ఒకప్పుడు మన తలలోని నాడీకణాలు దేనికది విడిగా ఉండేవి. ఒక కణం చెప్పిన కబురు ఇంకో కణానికి చేరేలోపే ఎటో కొట్టుకుపోయేది.

ఆ రోజుల్లో వరాలమ్మ అనే తల్లికి బుజ్జి అనే పాప ఉండేది. "బుజ్జీ! ఇటు చూడవే, బంగారం!" అని అమ్మ ఎంత పిలిచినా పాప తల తిప్పేది కాదు. "నా గొంతు దీనికి ఎప్పటికీ తెలియదేమో" అని వరాలమ్మ బెంగపెట్టుకుంది.

పాప తలలో, చెవి దగ్గరి కణానికి ఆ పిలుపు వినిపించింది. వెంటనే నవ్వు దగ్గరి కణాన్ని కేకేసింది.

"వదినా! అమ్మ పిలుస్తోంది, పాపను నవ్వించు!"

"సగం మాటలే అందుతున్నాయి వదినా! దగ్గరికి రా!"

చెవి కణం దగ్గరికి వచ్చింది. కానీ పాప కాళ్ళు ఆడించగానే ఇద్దరూ చెరోవైపు జారిపోయారు.

"ఇలా లాభం లేదు. జాకెట్టుకు ఉన్నట్టు మనకూ ఏదైనా పట్టు ఉండాలి" అంది నవ్వు కణం.

ఇద్దరూ ఎవరికి వారే తమ తమ అంచుల మీద పట్టు కుట్టుకుని వచ్చారు. తీరా చూస్తే ఇద్దరివీ హుక్కులే! హుక్కు తగిలించడానికి కాజా ఏదీ?

"కాజా నువ్వు కుట్టాలి!" అంది చెవి కణం.

"నేనెందుకు? నువ్వొచ్చి తగిలించేదాకా నోరు తెరుచుకుని కూర్చోడానికా?"

"అబ్బో, మహారాణిగారు!"

ఇద్దరూ మూతులు ముడుచుకున్నారు.

బయట వరాలమ్మ మళ్ళీ పిలిచింది. ఈసారి బతిమాలింది. "ఒక్కసారి చూడు తల్లీ."

చెవి కణం ఇక పంతం పట్టలేకపోయింది. "పోనీలే వదినా, హుక్కు నీకే. కాజా నేను కుడతాను" అని తన హుక్కులన్నీ విప్పేసి కాజాలు కుట్టింది.

టిక్! పడింది పట్టు. పాప ఎంత కదిలినా ఊడలేదు. ఇద్దరి మధ్య సన్నటి సందు మాత్రం మిగిలింది, కబురు దాటేటంత.

"ఇప్పుడు చెప్పు వదినా" అంది నవ్వు కణం.

"అమ్మ!"

బుజ్జి తల తిప్పింది. బోసినోటితో నవ్వింది. వరాలమ్మ ఏడ్చేసింది.

అప్పటినుంచే మన నాడీకణాలు ఒకదానిలో ఒకటి కలిసిపోవు, అలాగని విడిపోవు. చాలాచోట్ల ఈ అంచున ఒక రకం అణువు, ఎదుటి అంచున దానికి సరిపడే ఇంకో రకం అణువు, ఆ సన్నటి సందులో ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి.

ఈ కథను మీ దగ్గరే ఆపేయకండి. మీకంటే చిన్నవాళ్ళకు చెప్పండి. వాళ్ళకు ఇంకా మాటలు రాకపోయినా సరే, చెప్పండి.