చౌడు నేల కడుపు ఎందుకు పండదు

ఒకప్పుడు చౌడు మట్టి నల్లగా, మెత్తగా ఉండేది. నమ్మబుద్ధి కావడం లేదా? ఇప్పుడు సున్నం చల్లినట్టు కనిపిస్తుంది గానీ, ఆ రోజుల్లో దాని ఒళ్ళో ఏది పడినా మొలిచేది. జొన్న పడితే జొన్న, పల్లేరు పడితే పల్లేరు. మంచీ చెడ్డా చూసేది కాదు.

"నా ఒళ్ళో పడిన గింజ ఒక్కటీ చావలేదు తెలుసా!" అని పక్కనున్న ఇసుకతో, రేగడితో గొప్పలు చెప్పుకునేది.

ఆ మట్టి పక్కనే పారే వంక, అంటే చిన్న వాగు గట్టున సుంకన్న అనే ఆయన రాతిమిద్దె కట్టాడు. రాయి మీద రాయి పేర్చి, సందుల్లో చిన్న రాళ్ళు కొట్టి బిగించిన గోడలు. వాటి మీద దూలాలు, దూలాల మీద బండలు. ఇక బండల మీద మట్టి పరిస్తేనే మిద్దె పూర్తయినట్టు. లేకపోతే ఎండకు బండ కాలుతుంది, వానకు ఇల్లు కారుతుంది.

సుంకన్న గంప పట్టుకుని మట్టి కోసం బయల్దేరాడు.

"నాలో నీళ్ళు నిలవవు నాయినా" అంది ఇసుక.

"నేను ఎండకు నోళ్ళు తెరుస్తా. నన్ను నమ్ముకోవద్దు" అంది రేగడి.

"నేనొస్తా, నన్ను ఎత్తుకో" అంది చౌడు మట్టి. సుంకన్న దాన్నే గంపలకెత్తి మిద్దె మీద పరిచాడు.

ఆ ఇంట్లో ఉండేది ముగ్గురే. సుంకన్న, వాళ్ళమ్మ తిమ్మక్క, తల్లి లేని ఆయన ఆరేళ్ళ కూతురు ఈరమ్మ. ఈరమ్మ పొద్దున్నే నిచ్చెనెక్కి మిద్దె మీదికి వచ్చేది. మట్టి మీద గళ్ళు గీసి తొక్కుడుబిళ్ళ ఆడేది. ఆ పిల్ల గెంతుతుంటే మట్టికి ప్రాణం లేచొచ్చేది. కన్నబిడ్డ మీద కూడా అంత మమకారం ఉండదేమో.

ఒక రోజు కాకి ఒకటి వచ్చి రావి గింజ రాల్చి పోయింది. గింజ మొలిచింది. ఎర్రగా రెండు ఆకులు వేసింది. సుంకన్న చూసి పీకబోయాడు.

"పీకాకురా నాయినా!" కింద నుంచి కేకేసింది తిమ్మక్క. "రావి మొక్కరా అది! దేవుడు తనంతట తానే మన ఇంటి మీదికొచ్చినాడు. పీకితే వంశం నిలుస్తాదా?"

సుంకన్న చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. తిమ్మక్క మొక్కకు పసుపు రాసి, కుంకుమ పెట్టి, రోజూ చెంబెడు నీళ్ళు పోయడం మొదలుపెట్టింది. ఎవరి కొంపకు వాళ్ళే నిప్పు పెట్టుకోవడం అంటే ఇదే.

ఏడాది తిరిగేసరికి కింద బండ మూలిగింది.

"చౌడమ్మా, వేరు నా పక్కనుంచి దిగి గోడలోకి దూరతాంది. రాళ్ళు కదులుతాండాయి. దాన్ని వదిలెయ్. దాహానికి ఎండిపోతాది" అంది.

"పసిబిడ్డను ఎట్లా చంపేది? నా ఒళ్ళో ఏదీ చావలేదు" అంది మట్టి.

"ఇంట్లో ఇంకో పసిబిడ్డ ఉండాది గదా!"

మట్టి ఆ పొద్దు కూడా రావి మొక్కకు తడి అందించింది.

మరుసటేడు వాన పట్టుకుంది. మూడు రోజులు తెరిపి లేదు. నాలుగో రోజు మధ్యాహ్నం సుంకన్న, తిమ్మక్క వాకిట్లో నీళ్ళు మళ్ళించడానికి కాలవ తీస్తున్నారు. ఈరమ్మ లోపల పొయ్యి దగ్గర చలి కాచుకుంటోంది. గోడ కడుపు ఉబ్బింది. దూలం చివర జారడం మట్టికి తెలిసింది.

"వేరూ, వదలవే! గోడను వదలవే!" అని ఏడ్చింది మట్టి.

"నువ్వు పెట్టిందే తిని పెరిగినా. పట్టుకోవడం నేర్పినావు. వదలడం నాకు తెల్దు" అంది వేరు.

"సుంకన్నా, బిడ్డను బయటికి లాగు!" అని మట్టి అరిచింది. సుంకన్న పార పడేసి పరిగెత్తాడు. గడప దగ్గరికి వచ్చేసరికి గోడ కూలింది. దూలాలు, బండలు, వాటి మీద మట్టి, అన్నీ లోపలికే పడ్డాయి.

చేతులతో తవ్వారు. బండ ఒకటి పొయ్యి గట్టుకు ఆని, ఏటవాలుగా నిలబడి ఉంది. దాని కిందే ఈరమ్మ. ఒంటి మీద ఒక్క దెబ్బ లేదు. బండ కాచింది. పిల్లకు ఊపిరాడనివ్వక ప్రాణం తీసింది మట్టే. పిల్ల నోట్లో, ముక్కులో ఉన్నది మట్టే.

"నా చేతులతో నేనే నీళ్ళు పోసినా" అని తిమ్మక్క నేల మీద కూలబడింది. సుంకన్న రావి మొక్కను పీకి వంకలో పడేశాడు. మట్టిని గంపలకెత్తి గట్టు మీద పోశాడు.

"తిట్టు నాయినా. ఒక్క మాటన్నా తిట్టు" అంది మట్టి. ఆయన దాని వైపు చూడను కూడా చూడలేదు.

ఎండాకాలమంతా మట్టి ఏడ్చింది. ఏడ్చిన కన్నీళ్ళు ఒంటి మీదే ఎండి తెల్లగా పేరుకున్నాయి. గాలికి ఒక గడ్డి గింజ ఎగిరొచ్చింది.

"అమ్మా, రవ్వంత చోటియ్యి" అంది.

"లేదు, పో" అంది మట్టి. ఆ మాట అనడానికి దానికి ప్రాణం పోయినంత పనైంది. అయినా అంది. గింజ ఆ తెల్లటి ఉప్పులోనే మాడిపోయింది.

వానలకు ముందు సుంకన్న గోడ మళ్ళీ లేపాడు. గంప పట్టుకుని వంక వైపు వచ్చాడు.

"నన్నే తీసుకుపో నాయినా" అంది చౌడు మట్టి. "ఒక్క వేరును మొలవనియ్యను. ఒక్క చుక్కను దిగనియ్యను."

సుంకన్న వంగి చిటికెడు మట్టి తీసి నాలుక మీద వేసుకున్నాడు. ఉప్పగా ఉంది. ఆయనకూ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. గంప నింపుకున్నాడు.

అప్పటినుంచే చౌడు నేల తెల్లగా, ఉప్పగా ఉంటుంది. గడ్డిపోచ కూడా మొలవదు. అప్పటినుంచే ఏటా తొలకరికి ముందు మిద్దెల మీద చౌడు పరుస్తారు. దారిన పోయేవాళ్ళు "ఇదేం గొడ్డు నేలరా" అని ఉమ్మేసి పోతుంటారు. అది ఆ మాట పడుతుంది గానీ, ఒక్క గింజనూ మొలవనివ్వదు. దాని కింద పిల్లలు నిద్రపోతుంటారు.