పరగడుపు మందు

ఓబులమ్మ మళ్ళీ వచ్చింది. పైట కొంగుతో తల బిగించి కట్టుకుని వరస చివర నిలబడి ఉన్న ఆమెను చూడగానే గఫూర్‌కి ఒళ్ళు మండింది.

ఆమెది ఒంటి తలనొప్పి. కుడి కణతలో మొదలవుతుంది, పొద్దు ఎక్కేకొద్దీ ఎక్కుతుంది. వెలుగు గిట్టదు, వాసన గిట్టదు, చివరికి వాంతి అయితే గాని దిగదు. గుట్ట కింద నాపరాళ్ల గనిలో ఆమె రాళ్లు మోస్తుంది. ఇంకొక్కసారి తల పట్టుకుని కూర్చుంటే పనిలోకి రానక్కర్లేదని మేస్త్రీ చెప్పేశాడు. ఆ కూలి లేకపోతే ఆమె ఇంట్లో పొయ్యి వెలగదు.

గఫూర్, గుట్ట మీది దర్గా పక్కన ఉండే నూరుల్లా బాబా శిష్యుడు. తలనొప్పికి బాబా ఇచ్చే మందు ఆ చుట్టుపక్కల అందరికీ తెలుసు. ధనియాలు, శొంఠి వేసి కాచిన కషాయం లోపలికి, అరగదీసిన శొంఠి గంధం నుదుటికి. అంతే. కానీ ఆయన దాన్ని ఇచ్చే తీరు చూస్తే గఫూర్‌కి చిన్నతనంగా ఉండేది. ఎవరెప్పుడు వస్తే అప్పుడు, కోళ్లకు గింజలు చల్లుతూనో, చెప్పు కుట్టుకుంటూనో, "ఏం తిన్నావ్? నిద్ర పట్టిందా?" అని అడిగి ఒక ముంత చేతిలో పెట్టేవాడు. చూపు మందగించి ఆయన ఆ పని తనకు అప్పగించాకే మందుకు ఒక మర్యాద వచ్చిందని గఫూర్ నమ్మకం.

ఇప్పుడు మందు పరగడుపునే. చీకటితో వచ్చి వరస కట్టాలి. మంచినీళ్లు కూడా ముట్టకూడదు. పులుపు, కారం, ఎండుచేప, టీ పూర్తిగా మానాలి. గఫూర్ తెల్లవారుజామున ఫజర్ నమాజు చేసుకుని, రెండు రొట్టెలు తిని చాయ్ తాగి, తెల్ల లుంగీ కట్టుకుని వచ్చి, కషాయం కుండను సమాధి పాదాల దగ్గర పెడతాడు. ఫాతెహా ప్రార్థన చదువుతాడు. అది రోజురోజుకీ పొడుగవుతోంది. తర్వాత నిప్పుల మీద గుగ్గిలం వేసి, ఆ లోబాన్ పొగ వరసలో ప్రతి తలకూ పట్టిస్తాడు. అదంతా అయితే గాని మందు లేదు. అప్పటికి ఎండ మాడు మీదికి వస్తుంది. ఎంత ఓర్చుకుంటే మందు అంత పనిచేస్తుందని అతను అందరికీ చెబుతుంటాడు. ఓర్పు గురించి చెప్పడానికి నీడలో నిలబడ్డవాడికి ఏం కష్టం?

ఆ రోజూ లోబాన్ పట్టుకుని గఫూర్ ఓబులమ్మ ముందుకు వచ్చాడు. పొగ మొహానికి తగలగానే ఆమె నోరు నొక్కుకుంది. ఆగలేదు. అతని తెల్ల లుంగీ మీదే భళ్ళున కక్కింది. పచ్చటి పసరు తప్ప అందులో ఏమీ లేదు.

అగ్గి మీద గుగ్గిలం అంటారే, గఫూర్ చేతిలో ఉన్నదీ అదే, ఒంట్లో రేగిందీ అదే.

"పథ్యం తప్పినావ్! ఇంతమందికి పనిచేసే మందు నీ ఒక్కదానికే ఎందుకు పనిచేయదు? రాత్రి ఏం మింగినావో నిజం చెప్పు!"

"ఏం మింగలేదు సామీ."

"చింతపండు?"

"ముట్టలేదు."

"ఎండుచేప తినుంటావ్. లేదంటే టీ తాగింటావ్. మీ నోళ్లు నాకు తెలియవా!"

ఓబులమ్మ మూతి తుడుచుకుని తలెత్తింది. కుడి కన్ను ఎర్రగా చింతనిప్పులా ఉంది.

"చింతపండు మానితి. మిరపకాయ మానితి. ఎండుచేప గడప తొక్కనియ్యలే. టీ మానితి. ఇంగేం మానమంటావ్ సామీ? ఊపిరి మానమంటావా?" ఆమె తలకట్టు ఇంకా బిగించుకుంది. "నీ మందుకు వచ్చిన రోజే నొప్పి ఎక్కువయితాంది. ఇంటికాడ ఉన్ననాడే నయం!"

తన నోరు కట్టుకోలేక మందును ఆడిపోసుకుంటోంది, ఆడలేక మద్దెల ఓడన్నట్టు. గఫూర్‌కి అలాగే అనిపించింది. వరసలో వాళ్లందరూ నేల చూపులు చూస్తున్నారు.

"నయంగా ఉంటే ఇంట్లోనే పడుండు. పో! మళ్ళీ గుట్ట ఎక్కినావంటే ఊరుకోను."

"యాడికి పోవాల? పని పోయినాక నువ్వు పెడతావా కూడు?"

గది తలుపు కిర్రుమంది. నూరుల్లా బాబా గోడ తడుముకుంటూ బయటికి వచ్చాడు. గఫూర్ చేతిలోంచి లోబాన్ గిన్నె అందుకుని, పక్కనున్న ముంతెడు నీళ్లు అందులో కుమ్మరించాడు. నిప్పులు చుయ్‌మని చల్లారాయి.

తర్వాత ఓబులమ్మ చెయ్యి పట్టుకుని చీకటిగా ఉన్న తన గదిలోకి తీసుకుపోయాడు. తన కోసం మూత పెట్టి ఉంచుకున్న గిన్నె ఆమె ముందు పెట్టాడు. మజ్జిగ పోసిన రాగిసంగటి.

"తిను బిడ్డా."

"మందు పరగడుపున తాగాల కదా తాతా."

"తిను."

గుమ్మంలో నిలబడ్డ గఫూర్ ఇక ఆగలేకపోయాడు. "బాబా! ఇంతమంది ముందు నా మాట నేల పాలు చేస్తే రేపు పథ్యమంటే ఎవరు వింటారు?"

బాబా గిన్నెను ఆమె వైపు ఇంకాస్త జరిపాడు. ఓబులమ్మ మెల్లగా తింది. గోడకు చేరగిలబడి కళ్లు మూసుకుంది. బయట వరస కదల్లేదు. కొంతసేపటికి ఆమె తలకు కట్టుకున్న కొంగు తనే వదులు చేసుకుంది.

"తగ్గిందా?" అన్నాడు బాబా.

"యాడ తగ్గుతాది తాతా. పొడిచేది మాత్రం ఆగింది."

గఫూర్ పళ్లు కొరికాడు. "అయితే నా మందు తప్పంటావా బాబా?"

"మందు మంచిదే. పోయి ఒక ముంతెడు తీసుకురా."

గఫూర్ విసురుగా వెళ్లి కషాయం ముంచి తెచ్చాడు. బాబా అందుకోలేదు.

"నువ్వే తాగు."

"నాకు తలనొప్పి లేదు కదా బాబా."

"కోపం ఉంది కదా. అది ఉండేదీ తలలోనే. తాగు."

గఫూర్ ముంతను నోటి దాకా తెచ్చాడు. అక్కడే ఆగిపోయాడు. వరసలో వాళ్లు గుమ్మం దాకా వచ్చి చూస్తున్నారు.

"ఏమైంది?"

"నేను... తిన్నాను బాబా."

"ఎప్పుడు?"

"నమాజు కాగానే."

ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేది. ఓబులమ్మ ఎర్రబడిన కన్ను తెరిచి అతని వంక చూసి, మళ్ళీ మూసుకుంది.

బాబా ముంత వెనక్కి తీసుకున్నాడు. "ఇంత సేపూ ఆ పిల్లను తిడితివి. పథ్యం తప్పింది ఎవరు నాయనా?"

గఫూర్ తల వంచుకుని బయటికి నడిచాడు. తడిసిన బొగ్గులు పారబోశాడు. లుంగీ మార్చుకోలేదు. వరసలో వాళ్లను పందిరి నీడలోకి వచ్చి కూర్చోమని, పొయ్యి రాజేసి, పెద్ద కుండతో వాళ్ల కోసం గంజికి ఎసరు పెట్టాడు.